బెంగళూరు డాబా మీద సూర్యుడి రేడియో బర్స్టులు: ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తాం. కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్ ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ3 డాంగిల్‌తో టైప్ 2 సౌర రేడియో బర్స్టులను (నిమిషాల తరబడి నడిచే సూర్యుడి రేడియో పేలుళ్లను) చక్కగా నమోదు చేయవచ్చు. సెకన్లలో ముగిసే టైప్ 3 వస్తే వచ్చిందని తెలుస్తుంది, కొలతకు మాత్రం పనికిరాదు. డాంగిల్ మార్చి ఖరీదైన రిసీవర్ కొంటే అన్నీ సరిపోతాయనుకోవడం కూడా పొరపాటే. బర్స్టు మన యాంటెన్నా దాకా రాకముందే సూర్యుడి కరోనా (చుట్టూ ఉండే పలచటి, వేడి బయటి పొర) దాన్ని చాలావరకు చెరిపేసి పంపుతుంది. అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలంటే రిసీవర్ స్పెసిఫికేషన్ల కంటే ముందు కరోనా ఏం చేస్తుందో తెలియాలి.

డాంగిల్ సంగతి క్లుప్తంగా. ఇందులో ఆర్820టీ2 ట్యూనర్, ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉంటాయి. మామూలు మోడ్‌లో 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ వరకు ట్యూన్ అవుతుంది. నమూనాలు 8 బిట్లవి. ఒకేసారి నమ్మకంగా చూడగలిగే వెడల్పు 2.4 మెగాహెర్ట్జ్. 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కచ్చితత్వం ఉన్న టీసీఎక్స్‌ఓ (వేడికి ఫ్రీక్వెన్సీ జారని ఆసిలేటర్), లోహపు పెట్టె, యాంటెన్నా బిగించే ఎస్ఎంఏ కనెక్టర్, ప్రీయాంప్‌కు (సంకేతాన్ని ముందే పెంచే పరికరానికి) కరెంటు పంపే బయాస్ టీ దీని సుగుణాలు. మన పనికి అసలు చిక్కు ఆ 2.4 మెగాహెర్ట్జ్ దగ్గరే వస్తుంది. ఎందుకో తెలియాలంటే బర్స్టు ఎలా నడుస్తుందో చూడాలి.

కరోనాలోని ప్లాస్మాలో (విద్యుదావేశ కణాల వేడి వాయువులో) ఎలక్ట్రాన్ల సాంద్రత ఎంత ఉంటే దానికి తగ్గ ఫ్రీక్వెన్సీలో రేడియో తరంగం పుడుతుంది. ఘన సెంటీమీటరుకు సుమారు 8 కోట్ల ఎలక్ట్రాన్లున్న చోట 80 మెగాహెర్ట్జ్, 2 కోట్లున్న చోట 40 మెగాహెర్ట్జ్. సూర్యుడి నుంచి పైకి పోయేకొద్దీ సాంద్రత తగ్గుతుంది కాబట్టి, పైకి దూసుకుపోయే ఎలక్ట్రాన్ల గుంపు ఎక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి తక్కువకు జారుతూ కనిపిస్తుంది. సౌర శాస్త్రవేత్త న్యూకిర్క్ 1961లో ఇచ్చిన సాంద్రత నమూనా ప్రకారం 80 మెగాహెర్ట్జ్ పొర సూర్యకేంద్రం నుంచి 1.32 సౌరవ్యాసార్ధాల దగ్గర, 40 మెగాహెర్ట్జ్ పొర 1.61 దగ్గర ఉంటాయి. రెంటికీ మధ్య దూరం సుమారు 2 లక్షల కిలోమీటర్లు. టైప్ 3లో ఎలక్ట్రాన్లు కాంతివేగంలో దాదాపు మూడోవంతుతో పోతాయి, అంటే ఆ దూరం దాటడానికి రెండు సెకన్ల పైచిలుకు చాలు. టైప్ 2లో కదిలేది షాక్ తరంగం. సెకనుకు 1000 కిలోమీటర్ల వేగమనుకుంటే అదే దూరానికి మూడున్నర నిమిషాలు.

ఇప్పుడు డాంగిల్ దగ్గరికి రండి. 45 నుంచి 80 మెగాహెర్ట్జ్ వరకు చూడాలంటే 2.4 చొప్పున 15 గెంతులు వేయాలి. ఉచితంగా దొరికే ఆర్‌టీఎల్ పవర్ ప్రోగ్రాం ఈ గెంతులన్నీ వేసి సెకనుకు ఒక వరుస రాస్తుంది. మూడున్నర నిమిషాల టైప్ 2కు 200 పైగా వరుసలు దొరుకుతాయి, అది బ్రహ్మాండం. రెండు సెకన్ల టైప్ 3కి రెండే రెండు వరుసలు. పైగా డాంగిల్ కింది నుంచి పైకి గెంతుతుంటే బర్స్టు పైనుంచి కిందికి జారుతుంటుంది. చిత్రంలో వంపు తిరిగిన గీత రావాల్సిన చోట ఒక మచ్చ వస్తుంది. ఆ మచ్చ నుంచి వేగం లెక్కగడితే ఏమవుతుందో చూడండి. ఉదాహరణకు 2.4 సెకన్లు అని వచ్చిన కొలతలో ఒక సెకను అటూ ఇటూ అయితే, సెకనుకు 60 వేల కిలోమీటర్లని రావచ్చు, లేదా లక్షా 45 వేలని రావచ్చు. అలాంటి అంకెను ప్రాజెక్టు రిపోర్టులో రాయకూడదు.

మరి మిల్లీసెకన్లు కొలిచే రిసీవర్ కొంటే? సరిగ్గా ఇక్కడే కరోనా అడ్డొస్తుంది.

కరోనాలో సాంద్రత నునుపుగా ఉండదు. చిన్నా పెద్దా ముద్దలతో, అయస్కాంత రేఖల వెంట సాగిన పోగులతో ఎప్పుడూ అల్లకల్లోలంగా ఉంటుంది. ఒక ప్రాంతపు సాంద్రతకు తగ్గ ఫ్రీక్వెన్సీకి (ప్లాస్మా ఫ్రీక్వెన్సీకి) దగ్గరలో ఉన్న రేడియో తరంగానికి ఆ ప్రాంతపు వక్రీభవన గుణకం సున్నాకి దగ్గర, అందువల్ల సాంద్రతలో కొద్దిపాటి తేడా వచ్చినా దారి బాగా మళ్లిపోతుంది. తెల్లవారుజామున నంది కొండ రోడ్డు మీద పొగమంచులో ఎదురొచ్చే కారు హెడ్‌లైటును గుర్తు తెచ్చుకోండి. బల్బు చిన్నదే, కనిపించే వెలుగు ముద్ద మాత్రం బండంత. కరోనాలో జరిగేదీ అలాంటి చెదరడమే (పరిక్షేపణం), కాకపోతే అన్ని వైపులకూ సమానంగా ఉండదు. పలచటి పట్టుబట్టలోంచి వీధిదీపాన్ని చూస్తే వెలుగు పోగులకు అడ్డంగా సాగుతుంది కదా, అయస్కాంత రేఖల వెంట సాగిన సాంద్రత పోగులూ తరంగాన్ని తమకు అడ్డంగా ఎక్కువ చెదరగొడతాయి.

దీనివల్ల మూడు మార్పులు వస్తాయి. మొదటిది సైజు. యూరప్‌లోని లోఫార్ టెలిస్కోపుతో చేసి 2017లో ప్రచురించిన పరిశీలనలో, 32 మెగాహెర్ట్జ్ దగ్గర టైప్ 3బీ బర్స్టులోని (చారలు చారలుగా విడిపోయే టైప్ 3లోని) సన్నని చారలు 20 ఆర్క్‌మినిట్ల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌మినిట్) మేర పరుచుకుని కనిపించాయి. ఆ చారల ఫ్రీక్వెన్సీ వెడల్పును బట్టి చూస్తే అసలు మూలం ఒక ఆర్క్‌మినిట్ కూడా ఉండకూడదు. కంటికి కనిపించే సూర్యబింబం మొత్తం 32 ఆర్క్‌మినిట్లన్నది గుర్తుంచుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది. రెండోది స్థానం: మూలం ఉన్న చోటి కంటే బయటికి జరిగినట్టు కనిపిస్తుంది. సాంద్రత నమూనా చెప్పిన ఎత్తుకీ, చిత్రంలో కొలిచిన ఎత్తుకీ పొంతన కుదరకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మూడోది, డాంగిల్ కొనేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది, కాలం. వంకర దార్లలో తిరిగొచ్చిన కిరణాలు ఆలస్యంగా చేరతాయి కాబట్టి బర్స్టు ఝమ్మని లేచి నెమ్మదిగా చల్లారుతుంది. ఆ తోక 100 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు ఒక సెకను, 50 దగ్గర ఒకటిన్నర రెండు, 30 దగ్గర రెండు నుంచి నాలుగు సెకన్లు.

అంటే 50 మెగాహెర్ట్జ్ దగ్గర 10 మిల్లీసెకన్లకొక నమూనా తీస్తే కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ లేదు, డిస్కు మాత్రం నిండుతుంది. పావు సెకను చాలు. జ్యూరిక్ ఈటీహెచ్‌లో క్రిస్టియన్ మోన్‌స్టెయిన్ రూపొందించిన కాలిస్టో స్పెక్ట్రోమీటర్ సరిగ్గా ఆ లెక్కలోనే నడుస్తుంది: సెకనుకు 800 కొలతలు, 200 ఛానెళ్లకు పంచితే పావు సెకనుకొక వరుస, 15 నిమిషాలకొక ఫిట్స్ (ఖగోళ డేటా ఫార్మాట్) ఫైలు. 45 నుంచి 870 మెగాహెర్ట్జ్ వరకు చూస్తుంది. ఏళ్లు గడిచినా ఆ డిజైన్ పాతబడకపోవడానికి కారణం కరోనా పెట్టే హద్దుకు అది సరిగ్గా సరిపోవడమేనని మా అభిప్రాయం. 300 మెగాహెర్ట్జ్ దాటితే కథ వేరు. అక్కడ పరిక్షేపణపు తోక కురచగా ఉంటుంది, మిల్లీసెకన్లే ఉండే స్పైకులు (క్షణిక బర్స్టులు) బతికి బయటపడతాయి, వేగం ఉన్న రిసీవర్‌కు అక్కడ విలువుంది.

టైప్ 2లో సాధారణంగా రెండు పట్టీలు జంటగా కనిపిస్తాయి, ఒకటి ఫండమెంటల్, రెండోది దాదాపు రెట్టింపు ఫ్రీక్వెన్సీలో హార్మోనిక్. ఫండమెంటల్ తన పొరలోనే పుట్టి చిక్కుకుంటుంది కాబట్టి ఎక్కువ చెదురుతుంది. హార్మోనిక్‌కు అదే చోట వక్రీభవన గుణకం 0.87, అందువల్ల అది కొంత సుళువుగా బయటపడుతుంది. రెంటి మధ్య నిష్పత్తి కచ్చితంగా 2 రాలేదని రిసీవర్‌ను అనుమానించకండి, సాధారణంగా 2 కంటే కాస్త తక్కువే వస్తుంది. షాక్ వేగం లెక్కకట్టేటప్పుడు వీలైతే హార్మోనిక్ పట్టీనే తీసుకోండి, ఫ్రీక్వెన్సీని సగం చేయడం మాత్రం మర్చిపోవద్దు.

ఇక బెంగళూరు. ఇక్కడ డాంగిల్‌కు అసలు శత్రువు సూర్యుడూ కాదు, కరోనా కూడా కాదు, పక్కింటి ఎల్ఈడీ బల్బు. ఈ ఒక్క లెక్క జాగ్రత్తగా చూడండి. 6 డీబీ గెయిన్ ఉన్న యాంటెన్నా 50 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సౌర ఫ్లక్స్ యూనిట్‌కు (సూర్యుడి రేడియో బలాన్ని కొలిచే ప్రమాణానికి) సుమారు 42 కెల్విన్ల సంకేతం ఇస్తుంది (రేడియోలో సంకేతం, నాయిస్ బలాన్ని ఇలా ఉష్ణోగ్రతగా చెబుతారు). 100 యూనిట్ల బర్స్టంటే 4200 కెల్విన్లు. ఆకాశగంగ నేపథ్యం కూడా అక్కడ కొన్ని వేల కెల్విన్లే కాబట్టి, నిశ్శబ్దమైన చోట ఆ బర్స్టు రాగానే గీత 3 డీబీ (అంటే రెట్టింపు) లేస్తుంది. కళ్లు మూసుకుని గుర్తుపట్టవచ్చు. కానీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ఐటీయూ ఇచ్చిన మానవ కల్పిత నాయిస్ నమూనా ప్రకారం నివాస ప్రాంతంలో అదే ఫ్రీక్వెన్సీ దగ్గర నాయిస్ లక్ష కెల్విన్లు. అక్కడ 100 యూనిట్ల బర్స్టు 4 శాతం, అంటే 0.2 డీబీ కూడా లేవదు. 1000 యూనిట్ల బర్స్టయితే ఒకటిన్నర డీబీ. గ్రామీణ ప్రాంతానికి ఆ నమూనా చెప్పే నాయిస్ 30 వేల కెల్విన్లు. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉంటూ పండక్కి అనంతపురం, మదనపల్లె వైపు ఊరికి వెళ్లేవాళ్లు కిట్టును సంచిలో వేసుకుని తీసుకెళ్తే, ఏ ఖరీదైన రిసీవరూ ఇవ్వనంత లాభం ఉచితంగా వస్తుంది.

ఈ లెక్క నుంచే ఇంకో సంగతి తేలుతుంది. నగరంలో ప్రీయాంప్ పెట్టకండి. ట్యూనర్ సొంత నాయిస్ కొన్ని వందల కెల్విన్లే. బయట లక్ష ఉన్నప్పుడు దాన్ని తగ్గించి లాభం లేదు. ప్రీయాంప్ ఎఫ్ఎం స్టేషన్లను కూడా పెంచి 8 బిట్లను ముంచెత్తుతుంది. బయాస్ టీ ఉంది కదా అని ఆన్ చేయడం మనవాళ్లు తరచుగా చేసే తప్పు. దాని బదులు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ అణిచే ఎఫ్ఎం బ్యాండ్ స్టాప్ ఫిల్టర్ తప్పనిసరి. 101.3 ఆకాశవాణి మొదలు నగరంలోని స్టేషన్లన్నీ కలిసి ట్యూనర్‌లో లేని సంకేతాలను పుట్టిస్తాయి, అవి 45 నుంచి 80 మధ్య దొంగ గీతలుగా కనిపిస్తాయి. దొంగను పట్టే పద్ధతి తేలిక: గెయిన్ 10 డీబీ తగ్గించండి. గీత 10 డీబీ తగ్గితే బయటి నుంచి వచ్చేదే. 20, 30 తగ్గితే డాంగిల్ లోపల పుట్టింది.

ఆటోమేటిక్ గెయిన్ ఆపేయండి. ఇది ఆన్‌లో ఉంటే బర్స్టు రాగానే రిసీవర్ తన గెయిన్ తానే తగ్గించుకుని బర్స్టును మింగేస్తుంది. నెలల తరబడి రికార్డు చేసి ఒక్కటీ దొరకలేదనేవాళ్లలో చాలామంది దగ్గర లోపం ఇదే. గెయిన్ ఎంత ఉండాలంటే, యాంటెన్నా తీసేసి 50 ఓమ్ టెర్మినేటర్ పెట్టినప్పటి గీత కంటే యాంటెన్నా పెట్టినప్పటి గీత 6 నుంచి 10 డీబీ పైన ఉండాలి. అంతకు మించి వద్దు.

యాంటెన్నా ఇంట్లోనే చేసుకోవచ్చు. 60 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా) మొత్తం పొడవు 2.38 మీటర్లు, అంటే ఒక్కో చేయి 1.19 మీటర్లు. 12 నుంచి 20 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం, మధ్యలో గొట్టాలు తగలకుండా పీవీసీ టీ జాయింటు. దాన్ని 1.25 మీటర్ల ఎత్తులో అడ్డంగా నిలబెట్టి కింద 3 మీటర్లకు 3 మీటర్ల వెల్డ్‌మెష్ (ఇనప జాలీ) పరచండి. అదే అద్దంలా పనిచేసి 6, 7 డీబీ గెయిన్ తెస్తుంది. ఒట్టి కాంక్రీటు ఆ పని సరిగా చేయదు. పైగా ఆ జాలీ కింది ఫ్లాట్ల నుంచి వచ్చే చెత్తను కూడా కొంత ఆపుతుంది. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉండటంతో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వెళ్తాడు, కాబట్టి యాంటెన్నాను నిట్టనిలువుగా ఆకాశం వైపు చూపించి వదిలేస్తే మధ్యాహ్నానికి అటు మూడు గంటలు, ఇటు మూడు గంటలు హాయిగా పనిచేస్తుంది. తిప్పే మోటారు అక్కర్లేదు. డైపోల్‌ను తూర్పు పడమరలుగా కాక ఉత్తర దక్షిణాలుగా పెట్టండి, లేకపోతే ఉదయం, సాయంత్రం సూర్యుడు దాని కొసల వైపు పడి సంకేతం తగ్గిపోతుంది.

కేబుల్‌కు ఆర్‌జీ6 చాలు. 20 మీటర్లకు ఈ ఫ్రీక్వెన్సీలో సుమారు 1 డీబీ పోతుంది, 75 ఓమ్‌కూ 50కీ తేడా వల్ల పోయేది 0.2 డీబీ. ఇవేవీ పట్టించుకోవాల్సినవి కావు. పట్టించుకోవాల్సింది యాంటెన్నా దగ్గర కేబుల్ మీద బిగించే ఫెరైట్ పూసలు. అవి లేకపోతే కేబుల్ పైతొడుగే యాంటెన్నాగా మారి లిఫ్టు మోటారు డ్రైవ్, యూపీఎస్, సెట్‌టాప్ బాక్సుల అడాప్టర్ల చప్పుడంతా మోసుకొస్తుంది. ఐదారు పూసలు పక్కపక్కనే వేయండి. ఈ సరుకంతా ఎస్పీ రోడ్డులో ఒక పూటలో దొరుకుతుంది, చెన్నైవాళ్లకు రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. ఎస్ఎంఏ కనెక్టర్ కొనేటప్పుడు మధ్యలో పిన్ను ఉందో లేదో చూసుకోండి. వైఫై యాంటెన్నాలకు వాడే రివర్స్ రకం అచ్చం అలాగే ఉంటుంది, బిగుస్తుంది కూడా, సంకేతం మాత్రం లోపలికి అందదు.

డాంగిల్‌ను డాబా మీద పెట్టెలో ఉంచవద్దు. ఎండకు పెట్టె వేడెక్కితే గెయిన్ జారుతుంది, మధ్యాహ్నపు గీత ఉదయపు గీతకు సరిపోలదు. ఇంట్లోనే పెట్టి కేబుల్ కిందికి దించండి. రికార్డు చేశాక ప్రతి ఛానెల్ నుంచి దాని మధ్యగత విలువను తీసేస్తే నిలకడగా ఉండే స్టేషన్లు మాయమై, మారేవి మాత్రమే మిగులుతాయి. ఇది చేయకుండా ముడి చిత్రంలో బర్స్టు వెతకడం వృథా.

దొరికింది నిజంగా సూర్యుడిదేనా అని తేల్చుకోవడానికి మనకు మంచి తోడు దగ్గర్లోనే ఉంది. బెంగళూరుకు ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, హిందూపురం వెళ్లే దారిలో ఉన్న గౌరీబిదనూరు రేడియో అబ్జర్వేటరీని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ నడుపుతోంది. అక్కడి రేడియోహీలియోగ్రాఫ్ 1997 నుంచి సూర్యుడిని చిత్రిస్తోంది. ఏటా జూన్ మధ్యలో, రేడియో తరంగాలు వెదజల్లే క్రాబ్ నెబ్యులా సూర్యుడి పక్కగా, దాదాపు 5 సౌరవ్యాసార్ధాల దూరంలోంచి వెళ్తుంది. ఆ రోజుల్లో దాని సంకేతం ఎలా పలచబడుతుందో 80 మెగాహెర్ట్జ్ దగ్గర కొలిచి, ఆ దూరాల్లో సాంద్రత అల్లకల్లోలం ఎంత ఉందో ఇక్కడివాళ్లు లెక్కగట్టారు. మన డాంగిల్ డేటాను చెడగొట్టే ఆ అల్లకల్లోలాన్నే కొలిచిన పరికరం ఇంత దగ్గర్లో ఉండటం ఇక్కడివాళ్ల అదృష్టం. గౌరీబిదనూరు, ఊటీ రెండూ ఈ-కాలిస్టో నెట్‌వర్క్‌లో (ప్రపంచంలోని కాలిస్టో స్పెక్ట్రోమీటర్ల కూటమిలో) ఉన్నాయి. ఆ ఫైళ్లు ఉచితం. మీ మచ్చ సమయానికి అక్కడా గీత ఉంటే అది బర్స్టే. ఫైళ్లలో ఉండేది యూటీ (ప్రపంచ ప్రామాణిక) సమయం, మన గడియారం నుంచి 5 గంటల 30 నిమిషాలు తీసేయాలి. కంప్యూటర్ గడియారాన్ని ఎన్‌టీపీతో (ఇంటర్నెట్ సమయంతో) సరిచేసి ఉంచండి, లేకపోతే పోలిక కుదరదు.

డాంగిల్ చాలదనిపిస్తే తర్వాతి మెట్టు ఎస్‌డీఆర్‌ప్లే ఆర్ఎస్‌పీ1ఏ లాంటిది. తక్కువ వెడల్పులో 14 బిట్లు, గరిష్ఠంగా 10 మెగాహెర్ట్జ్ వెడల్పు (అప్పుడు బిట్లు 8కి తగ్గుతాయి), లోపలే ఎఫ్ఎంను అణిచే నాచ్ ఫిల్టర్ ఉంటాయి. 45 నుంచి 85 వరకు నాలుగే గెంతులు కాబట్టి పావు సెకను లక్ష్యం అందుబాటులోకి వస్తుంది, టైప్ 3 వంపు కనిపిస్తుంది. హాక్ఆర్ఎఫ్ వన్ స్వీపు ఇంకా వేగం, 20 మెగాహెర్ట్జ్ ఒక్క గుటకలో తీసుకుంటుంది. అయినా అదీ 8 బిట్లే, ముందు గట్టి ఫిల్టర్ లేకుండా నగరంలో నిలవదు. టైప్ 2 మీదే ఆసక్తి ఉన్నవాళ్లు ఈ రెంటిలో ఏదీ కొననక్కర్లేదు. ఆ డబ్బు జాలీకి, ఫెరైట్లకు, ఊరి ప్రయాణానికి పెట్టండి. ఒకే యాంటెన్నాతో ఎవరు ఏం కొన్నా బర్స్టు సూర్యుడి మీద ఎక్కడ పుట్టిందో మాత్రం తెలియదు.

చివరగా ఏప్రిల్, మే సాయంత్రాలు. దూరాన మెరుపు మెరిసినా అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేసారి గీత పడుతుంది. పావు సెకను రిసీవర్‌లో అది నిటారుగా ఉంటుంది కాబట్టి టైప్ 3 కాదని తెలిసిపోతుంది. డాంగిల్‌లో మాత్రం ఆ క్షణాన ఏ గెంతు మీద ఉంటే ఆ ఒక్క ముక్కలోనే చుక్క పడుతుంది. అలాంటి విడి చుక్కలు వరుసగా పడుతుంటే రికార్డు ఆపి, ముందు డాంగిల్ నుంచి కేబుల్ పీకి, దాని కొసను కిటికీ బయట వదిలేయండి.